డోజర్ ఒక చివర సరిగ్గా, మరో చివర లోతుగా కోస్తుంటే

ఉపగ్రహ సంకేతాలతో (జీఎన్‌ఎస్‌ఎస్) బ్లేడు ఎత్తును నియంత్రించే డోజర్‌తో దేవనహళ్ళి లేఅవుట్‌లో నేల చదును చేస్తుంటే, తూర్పున లెవెల్ సరిపోయి, పడమట 6 సెంటీమీటర్లు లోతుగా తెగుతోందంటే, సైట్ కాలిబ్రేషన్‌ను (ఉపగ్రహ కొలతలను సైట్ ఎత్తులకు సరిపెట్టే పనిని) ఒకే బెంచ్‌మార్క్‌తో (ఎత్తు తెలిసిన స్థిర గుర్తుతో) చేసి ఉండవచ్చు. బెంగళూరు ప్రాంతంలో జీఎన్‌ఎస్‌ఎస్ కొలిచే ఎత్తుకూ సముద్రమట్టపు ఎత్తుకూ 80 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. ఆ తేడా చోటును బట్టి మారుతుంది కనుక, అది ఎటు ఎంత మారుతోందో (దాని వాలు) ఒక్క బిందువుతో దొరకదు.

1. సైట్‌ను చుట్టుముట్టేలా కనీసం 4 కంట్రోల్ పాయింట్లకు (కొలతలకు ఆధారంగా పెట్టిన గుర్తులకు) ఆటో లెవెల్‌తో (ఎత్తులు కొలిచే దుర్భిణి పరికరంతో) ఎత్తులు తెచ్చి, రోవర్‌తో (చేత పట్టుకు తిరిగే జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్‌తో) కాలిబ్రేషన్ మళ్ళీ చేయండి.

2. చాలామంది మరిచేది ఇదే: కొత్త కాలిబ్రేషన్ ఫైలు రోవర్‌లోనే ఉండిపోతుంది, డోజర్ క్యాబ్‌లోని కంట్రోల్ బాక్స్ మాత్రం పాతదానితోనే నడుస్తుంది. డిజైన్ సర్ఫేస్‌ను (నేల చివరికి ఉండాల్సిన ఆకారపు ఫైలును) మార్చినా ఇది దానంతట మారదు. పాత ఫైలును తీసేసి కొత్తది ఎక్కించండి.

3. కాలిబ్రేషన్‌లో వాడని ఒక పాయింటుపై బ్లేడు అంచును ఆనించి, తెరపై ఎత్తును సరిచూడండి.

రెండు చివరలా ఒకే తేడా వస్తే మాత్రం, బ్లేడు అంచు అరుగుదలను కొలిచి నమోదు చేయండి.