టెక్ సందేహాలు: 445 దగ్గర ‘లిజనింగ్’ అంటోంది, ఎవరైనా వింటున్నారా?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. బిల్లులు కొట్టే విండోస్ కంప్యూటర్ ఈమధ్య బాగా నెమ్మదించింది. మా మేనల్లుడు ఫోన్‌లో చెబితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ -ఏఎన్ఓ అని కొట్టాను. స్క్రీన్ నిండా వరసలే. 135, 445 పోర్టుల పక్కన లిజనింగ్ అని ఉంది. మా సంగతులు ఎవరైనా వింటున్నారా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: వింటున్నది మీ కంప్యూటరేనండీ. నెట్‌స్టాట్ అనేది మీ కంప్యూటర్ నెట్‌వర్క్ కనెక్షన్ల జాబితా చూపే కమాండ్. పోర్టు అంటే ఆ కనెక్షన్లు వచ్చిపోయే గుమ్మం నంబరు అనుకోండి. కాశీబుగ్గలో పొద్దున్నే షట్టర్ ఎత్తి, ఇంకా బోణీ కాని కొట్టు ఎలా ఉంటుందో లిజనింగ్ అలాంటిది. ఎస్టాబ్లిష్డ్ అని ఉంటే బేరం వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డట్టు.

135, 445 విండోస్ సొంత పోర్టులు. ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునేది 445 మీదుగానే. ఆ వరస చివర 4 అంకె ఉంటుంది చూడండి, అది సిస్టమ్ ప్రాసెస్ నంబరు. అలాగని 445ని తేలిగ్గా తీసుకోవద్దు. 2017 మే నెలలో వానాక్రై వైరస్ ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పాకింది ఈ దారినే. అడ్డుకునే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని వాళ్లు దెబ్బతిన్నారు. మీ రౌటర్‌లో 445కి పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి వచ్చేవాటిని నేరుగా మీ కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు) ఉంటే ఈరోజే తీసేయించండి.

ఇప్పుడు బ్రౌజర్లన్నీ మూసేసి అదే కమాండ్ మళ్లీ కొట్టండి. 443తో ఉన్న వరసలు చాలామటుకు పోతాయి, అవి మీరు తెరిచిన వెబ్‌సైట్లే. మిగిలినవాటిలో ముందు లోకల్ అడ్రస్ చూడండి. 127.0.0.1 అయితే ఇంట్లోవాళ్ల మాటలు, బయటకు పోవు. 0.0.0.0 అయితే వీధి గుమ్మం తీసినట్టే, ఫైర్‌వాల్ కాపలా ఉంటే తప్ప. ఎస్టాబ్లిష్డ్ వరసల చివర ఉన్న నంబరును టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌లో పీఐడీ (ప్రాసెస్ నంబరు) కింద వెతికితే ప్రోగ్రామ్ పేరు దొరుకుతుంది.

పేరు కొత్తగా ఉందని వెంటనే ఎండ్ టాస్క్ కొట్టకండి. నేనూ ఓసారి అలాగే ఒకదాన్ని ఆపి, స్టార్టప్‌లోంచి కూడా తీసేసి మురిసిపోయాను. నెల తర్వాత తెలిసింది, అది మా బ్యాకప్ ప్రోగ్రామ్!

ఇక నెమ్మది సంగతి నెట్‌స్టాట్ చెప్పదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం ఉంటే పాత హార్డ్ డిస్క్ మీద అనుమానపడండి. దాని బదులు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం డిస్క్) వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: బొబ్బిలి నుంచి, ఇంజినీరింగ్ విద్యార్థిని. కొత్తగా ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. నెట్‌స్టాట్ కొడితే కమాండ్ లేదంటోంది.

జవాబు: అది ఉండే నెట్-టూల్స్ ప్యాకేజీ ఇప్పుడు ఉబుంటుతో రావడం లేదమ్మా. దాని బదులు సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్ అని అన్నీ చిన్న అక్షరాల్లో కొట్టు. సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని. అది లేకపోయినా పోర్టులు కనిపిస్తాయి కానీ, నువ్వు నడపని ప్రోగ్రామ్‌ల పేర్లు రావు.