జార్‌లో గింజ నలిగితే జ్యూస్ చేదే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం జ్యూసుల గొడవే. మే నెల మధ్యాహ్నం నెల్లూరు ట్రంకు రోడ్డు మీద పది నిమిషాలు నిలబడినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను, ముప్పై ఏళ్లుగా మిక్సీ జార్లు కడుగుతున్నదాన్ని. మందుల సంగతి మీ డాక్టర్నే అడగండి, చేదు, పులుపు, పిప్పి సంగతులైతే నేనున్నాను.

అక్కా, నేను బత్తాయి జ్యూస్ ఎప్పుడు చేసినా చేదొస్తోంది. అదే బండి దగ్గర తాగితే తియ్యగా ఉంటుంది. మా ఆయన సాయంత్రం వచ్చేసరికి చల్లగా ఉండాలని మధ్యాహ్నమే చేసి ఫ్రిజ్‌లో పెడతాను. పంచదార ఎంత వేసినా ఆ చేదు పోవట్లేదు. – కావలి

ఈ చేదు రెండు దారుల్లో వస్తుంది, మీ ఇంట్లో రెండూ తెరిచే ఉన్నట్టున్నాయి. మొదటిది గింజ. తొనలు వలిచి గింజలతో సహా మిక్సీలో వేసి గిర్రున తిప్పుతున్నారని నా అనుమానం. బత్తాయి గింజలో లిమోనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, నాలుగు గింజలు నలిగితే చాలు జగ్గు మొత్తం పోయినట్టే. తొక్క కింద ఉండే దూదిలాంటి తెల్లపొర కూడా ఆ బాపతే. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. కాయలో ఉన్నంతసేపు చేదు లేని పదార్థం ఒకటి, రసం పిండాక అందులోని పులుపు తగిలి మెల్లమెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. అందుకే మధ్యాహ్నం తియ్యగా ఉన్న జ్యూస్ సాయంత్రానికి చేదెక్కి కూర్చుంటుంది. బండి అతని దగ్గర మంత్రమేమీ లేదమ్మా, అతను పిండి చేతికిస్తాడు, మీరు అక్కడే నిలబడి తాగేస్తారు.

నేనెట్లా చేస్తానో చెబుతా. కాయను అడ్డంగా రెండు చెక్కలు కోస్తాను, నిలువుగా కాదు. అప్పుడు తొనలన్నీ చక్రంలా కనిపిస్తాయి, గింజలు నడిమధ్యన గుంపుగా ఉంటాయి, కత్తి మొనతో ఒక్క గుచ్చు గుచ్చితే చాలావరకు బయటికి వచ్చేస్తాయి. తర్వాత ఆ చెక్కను పిండే గిన్నె మీద బోర్లించి తిప్పడమే. గిన్నె అంటే, మధ్యలో గాడులున్న బుడిపె లేచి ఉంటుందే, అదే, నలభై యాభై రూపాయల ప్లాస్టిక్ది. తెల్లపొర తగిలేదాకా తిప్పొద్దు, చేతికి కాస్త గట్టిగా తగలగానే ఆపేయండి. చివరి రెండు చెంచాల రసం కోసం కక్కుర్తి పడ్డామా, చేదు మొత్తం అక్కడినుంచే దిగుతుంది. మిక్సీ తప్పదంటే గింజలు తీసిన తొనల్ని వెనక్కి రెండుసార్లు అలా అలా తిప్పి, వడకట్టేటప్పుడు పిప్పిని గంటెతో నొక్కకుండా దానంతటది దిగనివ్వండి. చిటికెడు ఉప్పు వేయండి, పంచదార కంటే ఉప్పే చేదును బాగా అణుస్తుంది. ఆయనకు చల్లగా కావాలంటే కాయలు ఫ్రిజ్‌లో పెట్టండి, రసం కాదు. ఆయన చెప్పులు విప్పేలోపు రెండు కాయలు పిండేయొచ్చు.

మాకు మూడెకరాల నిమ్మతోట ఉంది. రేటు పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదు, కాయలు చెట్టుకిందే రాలిపోతాయి. ఎండాకాలంలో రేటు పెరిగినప్పుడేమో మేమే ఇంట్లోకి వాడబుద్ధి కాక నలిగిపోతుంటాం. రసం దాచుకునే మార్గం చెప్పండి. – పొదలకూరు దగ్గర పల్లె నుంచి

మీ బాధ ఈ జిల్లాలో చెప్పకుండానే అర్థమవుతుంది. 2022 ఏప్రిల్లో కిలో రెండు వందల దాకా పోయినప్పుడు మా వీధిలో నిమ్మకాయ నీళ్లు అడిగిన చుట్టానికి మజ్జిగ ఇచ్చి పంపారు. అదే వానాకాలంలో బస్తా ఎత్తి మార్కెట్‌కి తీసుకెళ్లిన ఆటో కిరాయికి కూడా దిక్కుండదు.

సులువైనది ఐస్ ట్రే. కాయను బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లించి, కోసి, గింజలు పోయేలా వడకట్టి ట్రేలో పోయండి. ఒక్కో గడిలో సుమారుగా ఒక కాయ రసం పడుతుంది. గడ్డ కట్టాక విప్పి మూతున్న డబ్బాలోకి వేసి ఫ్రీజర్లోనే ఉంచండి, కావలసినప్పుడు ఒక ముక్క తీసి గ్లాసులో వేసుకోవడమే. కరెంటు గంటలు గంటలు పోయే ఊళ్లో మాత్రం ఇది నమ్మకమైన పని కాదు, కరిగి మళ్లీ గడ్డ కట్టిన రసం రుచి చచ్చిపోతుంది.

అట్లాంటప్పుడు స్క్వాష్, అంటే నీళ్లు కలుపుకుని తాగే చిక్కటి తీపి రసం, పెట్టుకోండి. లీటరు రసానికి రెండు కిలోల పంచదార, లీటరు నీళ్లు. నీళ్లు, పంచదార కలిపి పొంగు వచ్చేదాకా కాచి వడకట్టి, పూర్తిగా చల్లారాక మాత్రమే రసం కలపాలి. వేడి మీద కలిపితే నిమ్మ వాసన పోయి ఉడికిన పులుపు మిగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది వారాల్లో వాడేసేటట్టయితే ఇంకేమీ అక్కర్లేదు. నెలల తరబడి బయట నిలవ ఉండాలంటే పొటాషియం మెటాబైసల్ఫైట్ కావాలి, పండ్ల నిలవ నేర్పేవాళ్లు కె.ఎం.ఎస్. అంటారు. పైన చెప్పిన కొలతకు రెండు గ్రాములు, దాటనివ్వొద్దు. అందాజాగా చిటికెలు వేయకండి, బంగారం కొట్లో తూకం వేయించుకొచ్చినా తప్పు లేదు. కొంచెం స్క్వాష్‌లో కరిగించి మొత్తంలో కలపండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ మందు కలిపినది ఇవ్వొద్దు, ఊపిరి పట్టేస్తుంది. ద్రాక్షలాంటి ఎర్ర రసాల్లో కూడా ఇది వేయరు, రంగు వెలిసిపోతుంది. చేతులతో నేర్చుకోవాలనుంటే నెల్లూరులోనూ దర్శిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, వెళ్లి అడగండి.

ఇంకొకటి, రసం పిండేది స్టీలు గిన్నెలోకో గాజు గిన్నెలోకో. రాగి చెంబులో నీళ్లు మంచివని విని నిమ్మరసం కూడా అందులోనే పోసే ఇళ్లు నాకు తెలుసు. పులుపు రాగిని కరిగించి తీసుకుంటుంది, వాంతులు పట్టుకుంటాయి. అల్యూమినియం గిన్నె కూడా వద్దు.

మా మామగారికి షుగర్. పంచదార వేయకుండా రోజూ పొద్దున్నే గ్లాసు బత్తాయి జ్యూస్ ఇస్తున్నాను. పంచదార లేదు కాబట్టి పర్వాలేదు కదా? – కందుకూరు

పర్వాలేదు అని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది, కానీ నిజం కాదమ్మా. గ్లాసు నిండడానికి ఎన్ని కాయలు పట్టాయి? మూడా, నాలుగా? మామగారిని కూర్చోబెట్టి నాలుగు బత్తాయిలు వలిచిపెట్టి చూడండి, రెండోదానికే చాలంటారు. పీచు పిప్పితో పాటు చెత్తబుట్టలోకి పోతుంది, నాలుగు కాయల తీపి మాత్రం ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పండ్ల రసంలోని తీపిని పంచదార లెక్కలోనే వేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో జ్యూస్ కంటే పండు తినమనే చెప్పింది. చెరుకు రసం అయితే 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర, మామగారు బజారుకు వెళ్లినప్పుడు ఆ బండి వైపు చూడకుండా చూసుకోండి.

ఒక బత్తాయి తొనలుగా ఇవ్వండి, డాక్టర్ కాదనకపోతే. గ్లాసు పట్టుకుని తాగిన తృప్తి కావాలంటే కీరదోస తురిమి పల్చటి మజ్జిగలో కలిపి, కరివేపాకు, అల్లం ముక్క, ఉప్పు వేసి ఇవ్వండి. బీపీ కూడా ఉంటే ఉప్పు మీ చేతిలో ఉండాలి. షుగర్ బాగా పడిపోయి చెమటలు పట్టినప్పుడు మాత్రం ఇదే జ్యూస్ ఆదుకుంటుంది, ఆ సమయంలో వద్దనకండి.

బరువు తగ్గడానికి రోజూ పరగడుపున సొరకాయ జ్యూస్ తాగమని ఒక వీడియోలో చూశాను. రుచి ఎట్లా ఉన్నా కళ్లు మూసుకుని తాగేయమన్నారు. – ఒంగోలు

కళ్లు మూసుకుని తాగడమే ప్రమాదం. ముక్క కోసి నాలుక మీద పెట్టుకోండి, చేదు తగిలిందా, ఉమ్మేసి కాయ పారేయండి. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి, ఆ రసం తాగి రక్తపు వాంతులయినవాళ్లు, ప్రాణం పోయినవాళ్లు కూడా మన దేశంలో ఉన్నారు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి చేదు సొర రసం తాగొద్దని, సొర రసంలో వేరే రసాలు కలపొద్దని హెచ్చరించింది. కాకర రసం కలిపారనుకోండి, చేదు దేనిదో మీకెట్లా తెలుస్తుంది? ఉడికిస్తే పోయే విషం కూడా కాదది. నన్నడిగితే సొరకాయను పులుసులో వేసుకుని తినండి.

తొమ్మిది నెలల పాపకు దానిమ్మ జ్యూస్ పట్టొచ్చా? – ఆత్మకూరు

ఇప్పుడే వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు జ్యూసులు ఇవ్వొద్దని పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. అరటిపండు మెత్తగా మెదిపి పెట్టండి. తియ్యగా ఉంటుందని తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా.

బొప్పాయి మిల్క్‌షేక్ చేసి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి చేదుగా, విరిగినట్టుగా అయిపోయింది. పాలు మంచివే, టీకి అవే వాడాను. – ఉలవపాడు

పాల తప్పూ కాదు, మీ తప్పూ కాదు, ఫోన్‌ది. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తామే, ఆ పని చేసేది అదే. పాలలోని మాంసకృత్తుల్ని కూడా అట్లాగే ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే చేదు. ఉడికించని అనాసతోనూ ఇదే కథ. చేసిన వెంటనే తాగేస్తే బాధ లేదు. అయినా ఉలవపాడులో కూర్చుని బొప్పాయి షేక్ ఏందమ్మా! మీ ఊరి సపోటాలకు, బంగినపల్లికి ఈ పేచీ లేదు. సపోటా మాత్రం బాగా మాగాలి, దోరకాయ వేస్తే నాలుక మీద ఒగరు అంటుకుని పోదు.

మాది కనిగిరి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంటారు కదా, షర్బత్‌కి ఆ నీళ్లే కాచి చల్లార్చి వాడుతున్నాను.

కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోయే కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది కూడా. తాగడానికి తెచ్చుకునే నీళ్లే షర్బత్‌కి, ఐస్‌కి కూడా వాడండి. ఐస్ సంగతి చాలామంది మర్చిపోతారు.

పన్నెండు వేలు పెట్టి కోల్డ్ ప్రెస్ జ్యూసర్ కొనాలా వద్దా? – నెల్లూరు

నేను కొన్నాను కాబట్టి చెబుతున్నా. నెమ్మదిగా తిరిగి నలిపి పిండుతుంది, నురగ తక్కువ, క్యారెట్, బీట్‌రూట్ రసం మిక్సీలో కంటే ఎక్కువ దిగుతుంది, అవన్నీ నిజాలే. కొట్లో అతను కడగడం ఒక్క నిమిషం పని అన్నాడు. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న క్యారెట్ పీచును పాత టూత్‌బ్రష్‌తో తీస్తూ నేను సింకు దగ్గర గడిపిన నిమిషాలు ఆయనకేం తెలుసు. రెండో నెలలో దాని గొట్టం పగిలింది, తీసుకెళ్తే అది వారంటీలోకి రాదన్నారు. ఇప్పుడు అటక మీద ఉంది. ఇంట్లో నలుగురూ రోజూ కూరగాయల రసం తాగేవాళ్లయితే కొనండి, లేదంటే మిక్సీ, ఒక పల్చటి నూలు గుడ్డ చాలు. బీట్‌రూట్ తాగిన మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోవద్దు, కొందరికి ఆ రంగు అట్లాగే దిగిపోతుంది.

నన్నారి షర్బత్ ఇంట్లో చేసుకోవడం ఎలా? కొట్లో సీసా ఎర్రగా, మందు వాసనగా ఉంటోంది. – మార్కాపురం

నల్లమల పక్కన ఉండి సీసా కొంటున్నారా! నన్నారి అంటే మన సుగంధిపాలే, ఆ వేర్లు పచారీ కొట్లో అడగండి, మూలికల కొట్లో ఖాయంగా ఉంటాయి. కొనేముందు ఒకటి విరిచి వాసన చూడండి, గుప్పుమనకపోతే పాతవి, వద్దనండి.

వంద గ్రాముల వేర్లు మట్టి పోయేలా మూడు నాలుగు నీళ్లు మార్చి కడిగి, రోట్లో మెల్లగా దంచండి. మా అవ్వ రోకలితో ఒక్కో దెబ్బే వేసేది, దెబ్బకి పైబెరడు విడిపోయి లోపలి తెల్లటి పుల్ల బయటపడేది, ఆ పుల్ల ఏరి పారేయడం పిల్లల పని. వాసనంతా బెరడులోనే, పుల్లలో ఏమీ లేదు. బెరడును లీటరు మరిగే నీళ్లలో వేసి, పొయ్యి కట్టేసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. వేర్లతో కలిపి గంటసేపు మరిగించేవాళ్లున్నారు, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గిన్నెలో మాత్రం వాసన మిగలదు. పొద్దున గుడ్డలో వడకట్టి, కిలో పంచదార వేసి, సన్న సెగ మీద కరిగేదాకా ఉంచి దించేయండి. రంగు టీ డికాక్షన్‌లా ఉంటుంది, ఎరుపు రాలేదని బెంగపడొద్దు, ఆ ఎరుపు కొట్టువాడి రంగు.

గ్లాసుకు రెండు గరిటెలు, అరచెక్క నిమ్మరసం, నానబెట్టిన సబ్జా గింజలు ఒక చెంచా, పైన కుండనీళ్లు. సోడా దొరికితే నీళ్ల బదులు అదే పోయండి, కాకపోతే గ్లాసు సగం దాకానే, పొంగుతుంది.