బ్యాకప్‌లో రీడ్ ఎర్రర్ వస్తే చెక్‌డిస్క్ జోలికి వెళ్లకండి

బ్యాకప్ తీస్తుంటే మధ్యలో డిస్క్ రీడ్ ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది, షాపులో చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్) పెట్టమన్నారు, పెట్టొచ్చా అని అడిగారు. పెట్టకండి. కాపీ పూర్తయ్యేదాకా ఆ డిస్క్ మీద ఏ రిపేరూ నడపకండి. తెనాలిలో చాలా ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఒకసారి పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా పనిలో ఆషాఢం ఖాళీ నెల. పెళ్లిళ్లుండవు, శుభలేఖలుండవు. శ్రావణం వచ్చిందంటే ఊపిరాడదు. అందుకని ఏటా ఆషాఢంలోనే బ్యాకప్ తీసేవాణ్ని. ఆ ఏడాది ఒక టీబీ డిస్క్ నుంచి ఎక్స్‌టర్నల్‌కి కాపీ పెట్టి, టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ మీద ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని ఉంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే ఫోల్డర్ దగ్గర ఆగింది. అది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పద్యాల పుస్తకం. నూట అరవై పేజీలు, మూడు ప్రూఫులు దిద్ది ఫైనల్ చేసిన ఫైల్.

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ‘చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టి పడుకోండి, తెల్లారేసరికి సెట్ అయిపోతుంది’ అన్నాడు. కొట్టాను. షట్టర్ వేసే ముందు సీపీయూ దగ్గర చెవి పెట్టి విన్నాను. కాసేపు మామూలుగా తిరగడం, టక్‌మని ఆగడం, మళ్లీ తిరగడం. ఆ చప్పుడు వింటూ కూడా ఆపలేదు. మర్నాడు సాయంత్రానికి ముగిసింది. ఫోల్డర్ లేదు. దాని బదులు ‘ఫౌండ్ సున్నా సున్నా సున్నా’ అని ఒక ఫోల్డర్, అందులో పేర్లు లేని సీహెచ్‌కే ఫైళ్లు. ఒక్కొక్కటీ మేం పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో తెరిచి చూశాను. ఒక్కటీ తెరుచుకోలేదు.

ముందు ఏడాది బ్యాకప్‌లో మొదటి ప్రూఫు మాత్రం ఉంది. ఆ తర్వాత మాస్టారు పెట్టించిన అరసున్నలు, బండి ఱలు, మార్పించిన పాదాలు అన్నీ పోయాయి. విషయం చెబితే ఆయన ఒక్క మాట అనలేదు. సంచిలోంచి ఎర్ర ఇంకుతో దిద్దిన ప్రూఫు కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, ‘మళ్లీ మొదలుపెడదాం నాయనా’ అన్నారు. అప్పటికి ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. పంతొమ్మిది సాయంత్రాలు నా పక్కన స్టూలు వేసుకుని, భూతద్దంతో చూస్తూ చదివి వినిపించారు. ఆ స్టూలు మీద ఆయన్ని చూసిన రోజు నుంచి, ‘ముందు చెక్‌డిస్క్ పెట్టు’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెక్‌డిస్క్‌కి కావలసింది ఫైల్ సిస్టమ్ లెక్క సరిపోవడం. లెక్కకు అడ్డొచ్చిన ముక్కను తీసి పక్కన పడేస్తుంది, అది మీకు ఎంత ముఖ్యమో దానికి తెలియదు. పైగా స్లాష్ ఆర్ పెడితే ఖాళీ జాగాతో సహా ప్రతి సెక్టారునీ చదువుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్కును రాత్రంతా పరిగెత్తించడం అన్నమాట.

రెండేళ్లకు ఇంకో కంప్యూటర్‌లో ఇదే ఎర్రర్ వచ్చింది. ఈసారి హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను. ‘బావా, ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సీ5, సీ7 ఎంతున్నాయో చూసి చెప్పు’ అన్నాడు. అది డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రాం, సీ5, సీ7 అందులోని రెండు వరసల పేర్లు. మీరూ అక్కడే మొదలుపెట్టండి. సీ7 అంకె పెరుగుతూ పోతుంటే తప్పు చాలావరకు డిస్కును మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడండి, తక్కువ ఖర్చుతో పోతుంది. పాత అంకె తగ్గదు, కొత్తగా పెరగకపోతే చాలు. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే యూఎస్‌బీ హబ్ తీసేసి, సీపీయూ వెనక పోర్టుకి నేరుగా పెట్టి చూడండి. సీ5 సున్నా కాకుండా ఉందంటే మాత్రం డిస్క్ చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు ఉన్నట్టే. ఆ అంకెలు మామూలుగా హెక్సాలో, అంటే పదహారుల లెక్కలో ఉంటాయి, 10 అని ఉంటే పదహారు అనుకోవాలి. నాకు 2ఏ అని వచ్చింది, అంటే నలభై రెండు.

అప్పుడు విండోస్‌లోకి వెళ్లడమే మానేశాం. విండోస్ బదులు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, పాడైన డిస్కును కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం నడిపాం. ఇది చెడ్డ చోట మొండిగా కూర్చోదు. దాన్ని దాటేసి, తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకుంటుంది. కష్టమైన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు. మా వీధిలో ఆ సదుపాయం ఎంత విలువైందో చెప్పనక్కర్లేదు. వానాకాలంలో లైన్ ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు ఇస్తారో తెలియదు. యూపీఎస్ లేకుండా బ్యాకప్ మొదలుపెట్టడం తప్పని నా గట్టి నమ్మకం.

ఒక్కచోట మాత్రం చాలా జాగ్రత్త. కమాండ్‌లో ముందు పాత డిస్క్, తర్వాత కొత్తది. తారుమారైతే ఖాళీ డిస్క్ వెళ్లి మీ డేటా మీద కూర్చుంటుంది. లైనక్స్ డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెడుతుంది, ఏది ఏదో సైజు, సీరియల్ నంబర్ చూసి కాగితం మీద రాసుకున్నాకే ఎంటర్ కొట్టండి. కొత్త డిస్క్ పాతదానికన్నా చిన్నది కాకూడదు. మాకు పదకొండు గంటలు పట్టింది. నాలుగు ఫొటోలు సగం నుంచి బూడిద రంగుకి తిరిగాయి, మిగతావన్నీ తెరుచుకున్నాయి.

లైనక్స్ భయమనిపిస్తే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడండి. కానీ ఆర్ (ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి), డబ్ల్యూ (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి) రెండూ ఒకటి చొప్పున పెట్టండి. అవి పెట్టకపోతే చదవలేని ఒక్కో ఫైల్‌కి పది లక్షల సార్లు, సారికి ముప్ఫై సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. మీ బ్యాకప్ కదలకుండా కూర్చోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ముందు పిల్లల ఫొటోలు, కాగితాలు తీయండి. సినిమాలు చివర్న చూసుకోవచ్చు.

డిస్క్ పదే పదే టకటకమంటుంటే ఇవేవీ వద్దు. డిస్కును చదివే హెడ్డు పోతోందని అర్థం కావచ్చు, ప్లగ్ పీకేసి డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెబితే వినకండి, లోపల చెమ్మ పడితే ఉన్నదీ పోతుంది.

ఇంకో బాధ కూడా ఉంది. మా డీటీపీ వాళ్ల పాత ఫైళ్లు యూనికోడ్‌లో (తెలుగును కంప్యూటర్లన్నీ తెలుగుగానే గుర్తించే పద్ధతి) ఉండవు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఈ రోజుకీ పుస్తకాలు అందులోనే పడి ఉన్నాయి. ఫైల్ పోయి పీడీఎఫ్ మిగిలినా, అందులోంచి తెలుగు కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే వస్తాయి. కాబట్టి మీ డిస్కులో అలాంటి రాతలుంటే వాటినే అన్నిటికంటే ముందు తీయండి.

ఈ రాత్రికి కంప్యూటర్ ఆపేయండి. కొత్త డిస్క్ చేతికొచ్చాకే మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు సీ5, సీ7 అంకెలు ఇక్కడ రాస్తే చూసి చెబుతాను.