డామ్34 జీన్ తీసేసినా ఈస్ట్ బాగానే పెరుగుతోంది, మరి ఆ జీన్ దేనికి?

ఒంగోలు నుంచి మీరు అడిగింది ఇదీ: డామ్34 తీసేసిన ఈస్ట్ మామూలు ఈస్ట్‌లాగే పెరుగుతోంది, ఇది అక్కర్లేని జీన్ అని ప్రాజెక్ట్‌లో రాయొచ్చా? అలా రాయకండి. నెల్లూరులో ఎమ్మెస్సీ చేసేటప్పుడు నా ప్రాజెక్ట్ కూడా ఈ స్ట్రెయిన్ (ఈస్ట్ రకం) మీదే. గ్లూకోజ్ దండిగా ఉండి, 30 డిగ్రీల్లో పెంచితే నా ప్లేట్లలో కూడా తేడా కనపడలేదు. అది సరైన ఫలితమే, టెన్షన్ పడొద్దు.

ఇరుక్కుపోయిన రైబోజోమ్‌లను (కణంలో ప్రోటీన్ తయారుచేసే యంత్రాలను) విడిపించడం ఈ జీన్ పని. ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏ మధ్యలో తెగితే రైబోజోమ్ ఆ కొసదాకా పోయి ఆగిపోతుంది. అక్కడ స్టాప్ కోడాన్ (ఇక ఆపమనే గుర్తు) ఉండదు, కాబట్టి ఆ గుర్తు చూసి తయారీని ముగించే ఈఆర్‌ఎఫ్1 ప్రోటీన్ ఏమీ చేయలేదు. డామ్34 దానికి దగ్గరి చుట్టమే కానీ, ప్రోటీన్ గొలుసును తెంపే జీజీక్యూ భాగం దీనికి లేదు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. కోడాన్‌తో పని లేకుండా, శక్తినిచ్చే జీటీపీని పట్టుకున్న హెచ్‌బీఎస్1 అనే తోడు ప్రోటీన్‌తో కలిసి, రైబోజోమ్‌లో ఖాళీగా ఉన్న ‘ఏ సైట్’ అనే చోట కూర్చుంటుంది. ఆ తర్వాత ఆర్‌ఎల్‌ఐ1 అనే ప్రోటీన్ వచ్చి, శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి రైబోజోమ్‌లోని 60ఎస్ (పెద్ద), 40ఎస్ (చిన్న) భాగాలను విడదీస్తుంది. సగంలో ఆగిన గొలుసు 60ఎస్‌కే వేలాడుతుంటే, దాన్ని వదిలించుకునే పని ఎల్‌టీఎన్1 వగైరా ప్రోటీన్లది. రైబోజోమ్ ఆగిపోయిన ఎంఆర్‌ఎన్‌ఏను కణం ముక్కలు చేస్తుందనీ, అందులో డామ్34కి పాత్ర ఉందనీ 2006లో డోమా, పార్కర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మనుషుల్లో ఇదే ప్రోటీన్ పేరు పెలోటా.

ఈస్ట్‌ను ఇబ్బంది పెట్టినప్పుడే తేడా బయటపడుతుంది. గ్లూకోజ్ ఆపేసి మళ్లీ ఇస్తే, డామ్34 లేని ఈస్ట్‌లో ప్రోటీన్ తయారీ ఆలస్యంగా మొదలవుతుందని 2014లో తేలింది. దాన్ని చూడాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ (చాలా వేగంగా తిప్పి భాగాలను వేరుచేసే యంత్రం) కావాలి, మన కాలేజీల్లో దొరకడం కష్టం. 40ఎస్ భాగాలు తక్కువగా ఉండే స్ట్రెయిన్‌లో డామ్34 కూడా తీసేస్తే పెరుగుదల స్పష్టంగా తగ్గుతుంది. దానికి మామూలు స్పాట్ ప్లేట్ (ఈస్ట్‌ను చుక్కలుగా పెట్టి పెరుగుదల పోల్చే ప్లేట్) చాలు. మీ గైడ్‌ను అడిగి అలాంటి స్ట్రెయిన్ తెప్పించుకోండి, నా మాటగా అదే మేలు.

మన ఎండల్లో ఒక జాగ్రత్త ఉంది. వేడి చేయడమే తప్ప చల్లబరచలేని ఇంక్యుబేటర్ అయితే, మే నెలలో గది వేడి కంటే కిందికి దిగదు. 30 అని సెట్ చేసినా లోపల 38 ఉండొచ్చు. అప్పుడు రెండు స్ట్రెయిన్లూ వేడికే నీరసిస్తాయి, మీకు కావాల్సిన తేడా దొరకదు. చల్లబరచగల బీఓడీ ఇంక్యుబేటర్ అడగండి, లోపల విడిగా ఒక థర్మామీటర్ కూడా పెట్టుకోండి.