ఆక్టేవియా 1.8 టర్బోకు ఎలాంటి ఇంటర్‌కూలర్ ఎంచుకోవాలి?

మీ పాత స్కోడా ఆక్టేవియా 1.8 టర్బోను రీమ్యాప్ (శక్తి పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించారనీ, ఎండాకాలం మధ్యాహ్నాల్లో బండి లాగడం లేదనీ, అందుకని దొరికినవాటిలో బాగా మందమైన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే వేడి గాలిని చల్లబరిచే భాగం) కొనాలనుకుంటున్నారనీ రాశారు. అదే ఇంజిన్ ఉన్న బండిని విజయవాడ ఎండల్లో నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, మందం చూసి మాత్రం కొనకండి.

బయట 40 డిగ్రీలున్నప్పుడు టర్బో ఒక బార్ బూస్ట్ (వాతావరణ పీడనం మీద దాదాపు మరో అంత పీడనం) ఇస్తే, గాలిని నొక్కే దాని కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, దాని నుంచి వెలువడే గాలి దాదాపు 138 డిగ్రీలకు చేరుతుంది. ఆ పెరిగిన వేడిలో సగం మాత్రమే తీసే ఇంటర్‌కూలర్ అయితే ఇంజిన్‌లోకి 89 డిగ్రీల గాలి వెళ్తుంది, 70 శాతం తీసేదైతే 69 డిగ్రీలకు దిగుతుంది. ఈ తేడా వల్ల గాలి సాంద్రత 6 శాతం లోపే పెరుగుతుంది. అసలు లాభం నాకింగ్ (సిలిండర్‌లో ఇంధన మిశ్రమం కొంత వేడికి తనంతట తానే పేలడం) తగ్గడంలో ఉంది, ఎందుకంటే నాకింగ్ మొదలవగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి తీస్తుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, మీరు చెప్పే నీరసానికి అది ప్రధాన కారణం కావచ్చు.

కొనే ముందు ఓబీడీ స్కానర్‌తో (బండి కంప్యూటర్ వివరాలు చదివే పరికరం) ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతను రికార్డు చేయండి. ఈ బండిలో కంపెనీ ఇంటర్‌కూలర్ చిన్నది, బంపర్ మూలలో, చక్రం ముందు దాక్కుని ఉంటుంది. దానికి గాలిని మళ్లించే ప్లాస్టిక్ డక్ట్, నా బండికి బంపర్ పెయింట్ వేసిన చోట తిరిగి బిగించనే లేదు. డక్ట్ పెట్టించాక హైవే మీద ఉష్ణోగ్రత బాగానే తగ్గింది కానీ, ఘాట్ ఎక్కేటప్పుడు మళ్లీ పెరిగేది. అందుకే ముందు బంపర్ వెనక అమర్చే ఇంటర్‌కూలర్‌కు మారాను.

ఎంపికలో ఎదురుగాలికి తగిలే వైశాల్యానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. మందం పెరిగేకొద్దీ వెనక భాగానికి అప్పటికే వేడెక్కిన గాలే అందుతుంది, పైగా ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ గాలి తగ్గి, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కే ప్రమాదం ఉంటుంది. నిర్మాణంలో రెండు రకాలున్నాయి. బార్ అండ్ ప్లేట్ (కడ్డీలు, పలకలు పేర్చి అతికినది) రకం దృఢంగా ఉండి కొద్దిసేపటి బూస్ట్‌ను బాగా తట్టుకుంటుంది కానీ బరువెక్కువ, ఒకసారి వేడెక్కితే చల్లబడటానికీ సమయం తీసుకుంటుంది. ట్యూబ్ అండ్ ఫిన్ (గొట్టాలు, వాటి మధ్య పలుచని రేకులు ఉన్నది) తేలికగా ఉండి వెనకకు గాలిని బాగా వదులుతుంది. రోజూ ఏసీ వేసుకుని తిరిగే బండికి రెండోదే నా ఓటు.

ఇంటర్‌కూలర్ లోపలి పీడన నష్టం (గాలి దాని గుండా వెళ్లేటప్పుడు తగ్గే పీడనం) గురించి అమ్మేవాడిని తప్పక అడగండి. మీ స్థాయి శక్తికి అది 1 పీఎస్ఐ (సుమారు 0.07 బార్) దాటకుండా ఉంటే మంచిది. నష్టాన్ని పూడ్చడానికి ఈ బండిలోని చిన్న టర్బో (కే03) మరింత వేగంగా తిరిగి గాలిని ఇంకా వేడెక్కిస్తుంది. ఎండ్ ట్యాంకుల (ఇంటర్‌కూలర్ రెండు చివర్లా పైపులు కలిసే పెట్టెలు) మలుపు మరీ ఒక్కసారిగా ఉండకూడదు, పైపులు అనవసరంగా పెద్దవైతే బూస్ట్ ఆలస్యమవుతుంది.

బిగించాక పైపుల్లో గాలి నింపి, అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాయించండి. నా బండిలో థ్రాటిల్ బాడీ దగ్గరి హోస్ క్లిప్ కింద సన్నటి బుడగలు కనిపించాయి, దాన్ని మార్చాకే బూస్ట్ నిలకడగా వచ్చింది.