ఇంట్లోనే కనాలనుకుంటున్న నీకు

తల్లీ,

నీ ఉత్తరం చదివాను. రెండో కాన్పు ఇంట్లోనే అనుకుంటున్నావని, ఆ మాట ఎత్తగానే డాక్టరమ్మ ఫైలు మూసేసి ఇంకేం విననన్నారని, అప్పటినుంచి నీకూ పంతం పెరిగిందని రాశావు. మీ ఆయన ఎటూ చెప్పలేక సతమతమవుతున్నాడు. ఇళ్ళలోనూ లేబర్ రూముల్లోనూ కాన్పులు చేసినదాన్ని కాబట్టి పిన్ని ఒక్క మాటలో తేల్చేస్తుందని మీ అమ్మ అనుకుంటోంది. ఒక్క మాటలో తేలే విషయం కాదిది.

ముందుగా ఆ పంతం సంగతి. డాక్టరమ్మ మాట్లాడిన తీరు బాగాలేదు, ఒప్పుకుంటాను. ఆవిడ చెప్పింది నిజమా కాదా అన్నది మాత్రం వేరే లెక్క. ఆవిడ వైపు నుంచి కూడా కాస్త చూడు. ఇంట్లో సుఖంగా అయిపోయిన కాన్పు ఆవిడ కంట పడదు. అర్ధరాత్రి రక్తం పోయి, నాడి అందకుండా వచ్చేవాళ్ళే ఆవిడ చేతికి వస్తారు. అలాంటివి నాలుగు చూసినవాళ్ళకు ఇంటి కాన్పు అనగానే గుండె ఝల్లుమనడం సహజం.

అందుకని మళ్ళీ వెళ్ళు. వాదించడానికి కాదు, ఒక్క ప్రశ్న అడగడానికి. "మీకు భయం కలిగించే కారణం నా రిపోర్టుల్లో ఉందా, లేక ఎవరు అడిగినా వద్దనే అంటారా?" అని అడుగు. ఈ రెండు రకాల "వద్దు"ల మధ్య చాలా తేడా ఉంది. రెండో రకమైతే మాట్లాడుకోవచ్చు, ఇంకొకరి సలహా కూడా తీసుకోవచ్చు. మొదటి రకమైతే ఇంటి ఆలోచన అక్కడే ఆపేయాలి.

ఏవి ఆపేయాల్సినవో నేనే చెప్తాను. కడుపులో కవలలుండటం, బిడ్డ ఎదురుకాళ్ళతోనో అడ్డంగానో ఉండటం, ఇంతకుముందు సిజేరియన్ అయి ఉండటం, మాయ కిందికి ఉండి గర్భసంచి ద్వారానికి అడ్డుపడటం, బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉండటం, సుగర్, మూర్ఛలు, గుండె జబ్బు, రక్తం బాగా తక్కువగా ఉండటం, పోయిన కాన్పులో రక్తం ఎక్కువగా పోయి ఉండటం, 37 వారాలు నిండకముందే నొప్పులు రావడం, 42 వారాలు దాటిపోవడం. వీటిలో ఒక్కటున్నా నేను నీ ఇంటికి రాను, ఇంకెవరినీ రమ్మనను. సిజేరియన్ అయినవాళ్ళు చాలామంది తర్వాత మామూలుగా కన్నారు కదా అంటావేమో. కన్నారు, కంటారు కూడా. కానీ పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం 200 మందిలో సుమారు ఒకరికి ఉంటుంది. అది జరిగితే బిడ్డ చేతికి దక్కేది నిమిషాల్లో ఆపరేషన్ జరిగితేనే. ఆ పని ఇంట్లో అయ్యేది కాదు.

నీకు ఇవేవీ లేవని, మొదటి కాన్పు మామూలుగానే అయిందని రాశావు. అది నీకు పెద్ద బలం. ఇంగ్లండులో 64,000 మందికి పైగా, ప్రమాద సూచనలేవీ లేని గర్భిణుల కాన్పులను పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. మలిచూలు, ఆపై కాన్పుల వాళ్ళలో ఇంట్లో కనాలనుకున్నవారి బిడ్డలకు, ఆసుపత్రిలో కనాలనుకున్నవారి బిడ్డలకు జరిగిన పెద్ద హానిలో (మరణం, మెదడు దెబ్బతినడం లాంటివి) చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తొలిచూలు వాళ్ళలో మాత్రం తేడా ఉంది. పెద్ద హాని ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంట్లో వెయ్యికి 9.3. అందుకే తొలిచూలు అమ్మాయి ఎవరైనా ఇదే అడిగితే ఆసుపత్రికే వెళ్ళమంటాను, లేదంటే ఆసుపత్రిని ఆనుకుని మిడ్‌వైఫ్‌లు (కాన్పులు చేయడానికి చదువుకుని శిక్షణ పొందినవాళ్ళు) నడిపే కాన్పు కేంద్రం ఉంటే అక్కడికి పొమ్మంటాను.

ఆ లెక్కలు చూసి మురిసిపోయే ముందు ఇంకో మాట విను. అక్కడ ఇంటికి వచ్చేది చదువుకుని, రిజిస్టరై, ఆసుపత్రితో కలిసి పనిచేసే మిడ్‌వైఫ్. సంచిలో మందులుంటాయి, వెనకాల అంబులెన్సు ఉంటుంది, ఆసుపత్రి తలుపు తెరిచే ఉంటుంది. ఆ ఏర్పాట్లు లేనిచోట ఆ అంకెలు నీకు వర్తించవు. అమెరికాలో ఇంటి కాన్పులకూ ఆసుపత్రులకూ అలాంటి గట్టి సంబంధం చాలాచోట్ల లేదు. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 2017లో చెప్పిన లెక్క ప్రకారం, ఇంట్లో కనాలనుకున్నవాళ్ళ బిడ్డల మరణాలు ఆసుపత్రి కాన్పులతో పోలిస్తే రెండింతలకు పైగా ఉన్నాయి. మొత్తం మీద చూస్తే అది వెయ్యికి ఒకటో రెండో, చిన్న అంకే. కానీ ఆ ఒకటి ఎవరిదో ముందుగా తెలియదు కదా. అదే సంఘం, విషయాలన్నీ తెలుసుకుని నిర్ణయించుకునే హక్కు ఆ స్త్రీదేనని కూడా అంది.

కాబట్టి అసలు ప్రశ్న నీ ధైర్యం గురించి కాదు, నీ పక్కన ఎవరుంటారన్నది. శిక్షణ ఉన్న మిడ్‌వైఫ్ దొరకకపోతే ఈ ఉత్తరంలో మిగతాదంతా చదవక్కర్లేదు, ఆసుపత్రిలో పేరు రాయించుకో. వీడియోలు చూసి మీ ఆయన చేస్తానంటే నవ్వి ఊరుకో. అనుభవం ఉందనే పెద్దావిడ ఎంత మంచి మనిషైనా, ఆవిడ చేతిలో మందు లేకపోతే, ఊపిరి అందని బిడ్డకు గాలి అందించడం రాకపోతే, గండం వచ్చిన క్షణాన ఆవిడా నీలాగే చూస్తూ ఉండిపోవాల్సిందే.

మిడ్‌వైఫ్ దొరికితే మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఎక్కడ చదివారు, లైసెన్సు ఉందా, వచ్చేది ఒక్కరా ఇద్దరా? ఇద్దరు కావాలి, ఎందుకంటే బిడ్డ బయటపడ్డాక చూసుకోవాల్సిన ప్రాణాలు రెండు. బిడ్డ గుండె ఎంతసేపటికోసారి వింటారు? నొప్పులు బాగా ముదిరాక 15 నిమిషాలకోసారి, నువ్వు ముక్కడం మొదలుపెట్టాక 5 నిమిషాలకోసారి అని తడుముకోకుండా చెప్పాలి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి ఆ చప్పుడు. రక్తం ఆగకపోతే ఏం చేస్తారు, బిడ్డ ఏడవకపోతే ఏం చేస్తారు అని కూడా అడుగు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎలాంటప్పుడు ఆసుపత్రికి పంపుతారో అడుగు. "నా చేతిలో ఎవరినీ పంపాల్సిన అవసరమే రాలేదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చెయ్యి. ఇందాక చెప్పిన ఇంగ్లండు లెక్కల్లోనే తొలిచూలు వాళ్ళలో 45 శాతం మందిని, మిగతావాళ్ళలో 12 శాతం మందిని కాన్పు మధ్యలోనో, అయిన వెంటనేనో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం నొప్పులు సాగకపోవడమే. అంటే వెళ్ళడం ఓటమి కాదు, ప్లానులో ఒక భాగం.

రక్తం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇంట్లో తల్లి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇదే. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిన చోట ఆ రక్తనాళాలు నోళ్ళు తెరుచుకుంటాయి. గర్భసంచి పిడికిలిలా గట్టిగా బిగుసుకుంటేనే అవి మూసుకుపోతాయి. మెత్తగా ఉండిపోతే కుళాయి విప్పినట్టే. అర లీటరు పోతే జాగ్రత్తపడాలని లెక్క. పక్కబట్టలు పీల్చుకోవడంతో కంటికి అది తక్కువగా కనిపిస్తుంది, ఆరితేరినవాళ్ళు కూడా తక్కువే అంచనా వేస్తారు. బిడ్డ పుట్టగానే తల్లికి వేసే ఆక్సిటోసిన్ సూది, 10 యూనిట్లది, దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాల్సింది. మిడ్‌వైఫ్ దాన్ని ఎలా తెస్తారో, మీ ఇంట్లో ఎక్కడ పెడతారో కనుక్కో. నీ రక్తం ఇప్పుడే చూపించుకో. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకో. రక్తం తక్కువున్నవాళ్ళు కొంచెం పోయినా తట్టుకోలేరు.

అదే సూదిని బిడ్డ పుట్టకముందు "నొప్పులు పెరగడానికి" అని ఇంట్లో వేస్తామంటే ఎవరైనా సరే ఒప్పుకోకు. ఎడతెగని నొప్పులతో బిడ్డకు ఊపిరాడదు, గర్భసంచి చిట్లే ప్రమాదమూ ఉంది. పొట్ట మీద ఎక్కి నొక్కడం, మాయ రావడం లేదని బొడ్డుతాడు పట్టి లాగడం కూడా అంతే. ఇవి చూస్తూ ఊరుకోవద్దని మీ ఆయనకు ముందే చెప్పి ఉంచు.

బిడ్డ విషయానికొస్తే, చాలామంది పుట్టగానే వాళ్ళంతట వాళ్ళే ఊపిరి తీసుకుంటారు. కొందరిని తుడిచి, వీపు మీద రుద్దితే చాలు. నూటికి ఏ అయిదుగురికో మాస్కుతో గాలి అందించాలి, అది మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. అందుకే ఆ బ్యాగూ మాస్కూ సంచి అడుగున కాకుండా, కాన్పుకు ముందే తీసి పక్కన పెట్టి ఉండాలి. గది వెచ్చగా ఉండాలి. తుడిచి నీ ఛాతీ మీదే పడుకోబెట్టించుకో, బొడ్డుతాడు నిమిషం గడిచేదాకా కోయనక్కర్లేదు. మొదటి రోజు స్నానం వద్దు, బొడ్డు మీద ఏమీ రాయొద్దు.

ఇక దూరం. ఆపరేషను చేయగల, రక్తం ఎక్కించగల ఆసుపత్రి ఏదో చూడు. దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్కు ఈ లెక్కలోకి రాదు. ట్రాఫిక్ ఉన్న వేళ ఒకసారి, రాత్రిపూట ఒకసారి వెళ్ళి చూసుకోండి. అరగంటలో చేరలేకపోతే నేనైతే వద్దంటాను. అక్కడ ముందే పేరు రాయించుకుని, బ్లడ్ గ్రూపు, స్కానింగులు, పరీక్షలన్నీ ఫైలులో పెట్టించు. తలుపు దగ్గర బ్యాగు, పెట్రోలున్న బండి, నడిపే మనిషి, పెద్దపిల్లను చూసుకునే మనిషి సిద్ధంగా ఉండాలి. నీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే, బిడ్డది పాజిటివ్ అని తేలాక నీకు 72 గంటల్లోపు వేయాల్సిన సూది ఉంటుంది, అది మర్చిపోకూడదు.

నొప్పుల మధ్యలో కూర్చుని చర్చించుకునే తీరిక ఉండదు కాబట్టి ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. ఉమ్మనీరు ఆకుపచ్చగానో నల్లగానో వస్తే, బిడ్డ రాకముందే రక్తం పడితే, బిడ్డ గుండె చప్పుడు గాడి తప్పితే, నీకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, తలనొప్పితో కళ్ళు మసకబారితే, ఆక్సిటోసిన్ సూది వేశాక అరగంటైనా మాయ పడకపోతే బయల్దేరాల్సిందే. మిడ్‌వైఫ్ "పదండి" అంటే ఎవరూ ఎదురు మాట్లాడకూడదు, మీ అత్తగారైనా సరే. ఏమీ లేకపోయినా "నాకు భయంగా ఉంది, వెళ్దాం" అని నువ్వు అంటే అది కూడా చాలిన కారణమే.

ఇంకో మాట అడగనా? నీ ఉత్తరంలో ఇంటి గురించి రాసినదానికంటే పోయినసారి ఆసుపత్రిలో పడ్డ బాధ గురించే ఎక్కువ రాశావు. మీ ఆయన్ను లోపలికి రానివ్వలేదు, కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు, అడగకుండానే కోసి కుట్లు వేశారు, నొప్పికి అరిస్తే కసిరారు. అవన్నీ జరగాల్సినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లోనే తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని, నచ్చిన భంగిమలో కననివ్వాలని, అందరికీ అలవాటుగా కోత పెట్టకూడదని ఉంది. నీకు నిజంగా కావలసింది ఇల్లేనా, లేక గౌరవంగా చూసే చోటా? రెండోదైతే అది ఇంకో ఆసుపత్రిలో దొరకొచ్చు. వెతికి, లేబర్ రూము చూపించమని అడిగి, కోరికలన్నీ కాగితం మీద రాసి డాక్టరు చేత చదివించు. చదవడానికి కూడా ఓపిక లేని చోటికి ఇంటి కాన్పు కోసమైనా, ఆసుపత్రి కాన్పు కోసమైనా వెళ్ళొద్దు. ఇంటి దారి మూసుకుపోయినా నీకు ఇది పనికొస్తుంది.

లేదు, నాకు నా ఇల్లే కావాలంటావా, పైన రాసినవన్నీ కుదిరితే నేను నీకు అడ్డు చెప్పను. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, ఉతికిన పాత దుప్పట్లు, మంచి వెలుతురున్న ఒక లైటు, చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్ళూ ఉంటే గదికి అంతకంటే హంగులు అక్కర్లేదు. మిగతా సామానంతా మిడ్‌వైఫ్ తేవాలి. కాన్పయ్యాక మొదటి ఆరు గంటలు నిన్ను ఒంటరిగా వదలొద్దు. బిడ్డకు విటమిన్ కె సూది వేయించండి. ఒకట్రెండు రోజుల్లో పిల్లల డాక్టరుకు చూపించి, టీకాలు, పుట్టిన తేదీ నమోదు అన్నీ చూసుకోండి.

వచ్చే నెల స్కానింగులో మాయ ఎక్కడుందో, బిడ్డ తల ఎటుందో తేలుతుంది. ఆ రిపోర్టు, హిమోగ్లోబిన్ కాగితం, డాక్టరమ్మ నీ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాసి, మూడూ నాకు పంపించు. అవి చూశాకే మీ ఆయనతో మాట్లాడతాను. అప్పటిదాకా మీ అమ్మను కాస్త టెన్షన్ పడకుండా ఉండమను.

ఆశీస్సులతో,
పిన్ని