ఫ్లష్ కొట్టకపోతే డేటా పోతుందా?

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. మూడు నోడ్ల (మెషిన్ల) కసాండ్రా డేటాబేస్ క్లస్టర్‌ను ఆరు నెలలుగా నేనే చూసుకుంటున్నాను. మొన్న ఒక కొత్త టేబుల్‌లోకి రెండు వేల వరుసలు ఎక్కించి డేటా ఫోల్డర్‌లో చూస్తే ఒక్క డేటా ఫైలూ లేదు. సెలెక్ట్ కొడితే మాత్రం అన్నీ వస్తున్నాయి. మా సీనియర్ గారు 'అదంతా ర్యామ్‌లోనే ఉంది, కరెంటు పోతే గోవిందా. అయిదు నిమిషాలకోసారి ఫ్లష్ కొట్టి డిస్క్‌కు దించేలా క్రాన్ (టైమ్ ప్రకారం కమాండ్ నడిపే ఏర్పాటు) పెట్టు' అన్నారు. మూడు మెషిన్లలోనూ పెట్టాను. అయినా రాత్రిళ్లు టెన్షన్‌గానే ఉంటోంది మేడమ్. ఇది సరైన పనేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ క్రాన్ తీసేయండి. ఇది చదివిన రోజే తీసేయండి. ఎందుకు తీసేయాలో తర్వాత చెబుతాను. ముందు మీ డేటా ఎక్కడుందో చూద్దాం, మీ టెన్షన్ మొదలైంది అక్కడే కదా.

మీ సీనియర్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ వరుసలు మెమ్‌టేబుల్‌లో, అంటే ర్యామ్‌లో ఉన్నమాట నిజమే. కానీ అక్కడ మాత్రమే లేవు. కమిట్‌లాగ్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులోకి వెళ్లి చూడండి. 32 ఎంబీ చొప్పున ఫైళ్లు వరసగా కనిపిస్తాయి. మీ రెండు వేల వరుసలు వాటిలోనూ ఉన్నాయి.

మా నాన్నగారు తెనాలిలో ఒక బియ్యం కొట్లో గుమాస్తా. బస్తా కదిలిందంటే ముందు చిట్టాలో ఒక వరుస పడాల్సిందే. ఎవరు ముందొస్తే వాళ్లది ముందు, అంతే, వేరే వరస లేదు. వెంటనే అదే లెక్క చిన్న చీటీ మీద రాసి, ఖాతాదారు పేరున్న ఊచకు గుచ్చేవారు. 'నా బాకీ ఎంత' అని ఎవరైనా వస్తే చిట్టా తిరగేసేవారు కాదు, ఆ ఊచ తీసి చూసేవారు. ఊచలు నిండాక చీటీలన్నీ పేర్లవారీగా ఆవర్జాకు ఎక్కించేవారు. కసాండ్రా చేసేదీ ఇదే. కమిట్‌లాగ్ చిట్టా, మెమ్‌టేబుల్ ఊచ, డిస్క్ మీది ఎస్ఎస్‌టేబుల్ ఆవర్జా. ఊచ మీది చీటీలు ఆవర్జాకు ఎక్కడాన్నే మనం ఫ్లష్ అంటున్నాం. ఊచ విరిగి చీటీలు గాలికి పోయినా చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. మీ నోడ్ పడిపోయి లేచినప్పుడు కమిట్‌లాగ్‌ను మొదటినుంచి చదువుకుంటూ మెమ్‌టేబుల్ కట్టుకునేది అందుకే.

కాబట్టి డేటాను కాపాడుతున్నది ఫ్లష్ కాదు, కమిట్‌లాగ్. ఫ్లష్ వల్ల జరిగేవి వేరే రెండు పనులు: ర్యామ్ ఖాళీ అవుతుంది, ఇక అవసరం లేని పాత లాగ్ ఫైళ్లు వదిలిపోతాయి.

కరెంటు సంగతి మాత్రం కొట్టిపారేయను. డీఫాల్ట్ సెట్టింగ్‌లో కసాండ్రా ప్రతి వరుసకూ డిస్క్ దాకా వెళ్లి రాదు. లాగ్‌ను 10 సెకన్లకోసారి డిస్క్‌కు గట్టిగా దించుతుంది, ఈలోపే 'రాశాను' అని మీ అప్లికేషన్‌కు జవాబిచ్చేస్తుంది. మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతే ఆ నోడ్‌లో ఆఖరి కొన్ని సెకన్ల రాతలు పోవచ్చు. మీ క్రాన్ అయిదు నిమిషాలది. పది సెకన్ల సందును అదెలా పూడుస్తుంది చెప్పండి? ఆ సందు పూడ్చేవి మిగతా రెండు నోడ్లు. రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 పెట్టి (అంటే ప్రతి వరుసకూ మూడు కాపీలు), కోరమ్‌తో (సగానికి పైగా కాపీలకు అందాలన్న షరతుతో) రాస్తే, కనీసం రెండు నోడ్లు అందుకున్నాకే మీకు జవాబు వస్తుంది. రెండూ ఒకేసారి పోతేనే నష్టం.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ మూడు మెషిన్లూ ఒకే గదిలో, ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా? ఉంటే మీరు భయపడాల్సింది దానికి. వెంటనే వేర్వేరు లైన్ల మీదకు మార్చండి. మార్చే వీలు లేకపోతే కమిట్‌లాగ్ సింక్ అనే సెట్టింగ్‌ను పీరియాడిక్ నుంచి బ్యాచ్‌కు మార్చండి. అప్పుడు లాగ్ డిస్క్‌కు దిగాకే జవాబు వస్తుంది. రాతలు కొంత నెమ్మదిస్తాయి కానీ మీరు నిద్రపోవచ్చు.

ఇక క్రాన్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. మామూలుగా అయితే ఎప్పుడు ఫ్లష్ చేయాలో ప్రతి నోడ్ తనంతట తానే చూసుకుంటుంది. మెమ్‌టేబుళ్లకు ఇచ్చిన జాగా, డీఫాల్ట్‌గా జావా హీప్‌లో (కసాండ్రా నడవడానికి కేటాయించిన ర్యామ్‌లో) నాలుగో వంతు. అది ఒక హద్దు దాటి నిండుతుంటే అన్నిటికన్నా పెద్ద మెమ్‌టేబుల్‌ను పట్టుకుని దించుతుంది. దించేటప్పుడు రాతలు ఆగవు. పాతదాన్ని పక్కన పెట్టి, ఖాళీ మెమ్‌టేబుల్ ఒకటి తెరిచి, కొత్త రాతలు అందులోకి తీసుకుంటుంది. పాతది వరసక్రమంలో ఒక్క ఊపులో డిస్క్‌కెక్కుతుంది. ఒకసారి రాసిన ఎస్ఎస్‌టేబుల్‌ను మళ్లీ దిద్దడం ఉండదు. ఈ పద్ధతి కసాండ్రా కనిపెట్టింది కాదు. 1996లో పాట్రిక్ ఓనీల్ బృందం రాసిన ఎల్ఎస్ఎమ్ ట్రీ (లాగ్ స్ట్రక్చర్డ్ మెర్జ్ ట్రీ) పేపర్‌లోనే దీని బీజం ఉంది. 2006లో గూగుల్ బిగ్‌టేబుల్ పేపర్ దీన్ని వందల మెషిన్ల మీదకు తెచ్చింది. ఫేస్‌బుక్‌లో ఇన్‌బాక్స్ వెతుకులాట కోసం కట్టిన కసాండ్రా 2008లో బయటి ప్రపంచానికి వచ్చింది.

దిద్దడం లేదు కాబట్టి ప్రతి ఫ్లష్‌కూ ఫైళ్లు పెరుగుతాయి. వెర్షన్ 4.0లో ఒక్క ఎస్ఎస్‌టేబుల్ అంటే డేటా, ఇండెక్స్, ఫిల్టర్, సమ్మరీ వగైరా కలిపి ఎనిమిది ఫైళ్లు. రెండు వేల వరుసలకైనా అన్నే, రెండు కోట్లకైనా అన్నే. వాటిని కలిపి పెద్దవి చేయడానికి కంపాక్షన్ వెనక నడుస్తూ ఉంటుంది. మామూలు పద్ధతిలో ఒకే సైజువి నాలుగు పోగైతే కలుపుతుంది.

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట అచ్చం మీలాగే అయిదు నిమిషాల క్రాన్ ఉండేది. నేను చేరిన వారానికి టైమౌట్‌లని ఫిర్యాదు వచ్చింది. ఆ రాత్రి డిస్క్ గ్రాఫ్ తెరిస్తే దువ్వెన పళ్లలా సరిగ్గా అయిదు నిమిషాలకొక మొన. మూడు నోడ్లలోనూ అదే నిమిషానికి! ఒక నోడ్ బిజీగా ఉంటే మిగతావి ఆదుకోవాలని కదా మూడు పెట్టుకున్నది. ఆ క్రాన్ మూడింటినీ ఒకేసారి కూర్చోబెట్టేది. నోడ్‌టూల్‌లో (కసాండ్రాతో వచ్చే కమాండ్ టూల్) కంపాక్షన్ స్టాట్స్ చూస్తే పెండింగ్ పనులు చాంతాడంత. ఒక్క వరుస చదవడానికి చిన్న చిన్న ఎస్ఎస్‌టేబుళ్లు ఎన్నో వెతకాల్సి వస్తోంది. క్రాన్‌లో ఆ ఒక్క లైన్ తీసేశాం. తెల్లారేసరికి పెండింగ్ సున్నా. ఆ లైన్ పెట్టినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు, మీ సీనియర్ గారిలాగే డేటా మీద ప్రేమతో పెట్టారు. అందుకే ఆయనకు ఈ జవాబు చూపించి నెమ్మదిగా చెప్పండి.

చేత్తో ఫ్లష్ కొట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు. ఎస్ఎస్‌టేబుల్ ఫైళ్లను నేరుగా చదివే టూల్స్ వాడేముందు కొట్టాలి, లేకపోతే ర్యామ్‌లో ఉన్నది వాటికి కనబడదు. నోడ్‌టూల్ ఫ్లష్ ఆ ఒక్క నోడ్‌కే వర్తిస్తుందని గుర్తుంచుకోండి. బ్యాకప్‌కు స్నాప్‌షాట్ తీస్తే ముందు తనే ఫ్లష్ చేసుకుంటుంది, మీరు విడిగా కొట్టక్కర్లేదు.

ప్రశ్న: ఒక నోడ్ హ్యాంగ్ అయినట్టు అనిపించి కిల్ మైనస్ నైన్ (ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపే కమాండ్) కొట్టాను. మళ్లీ స్టార్ట్ చేస్తే ఇరవై నిమిషాలు కమిట్‌లాగ్ రీప్లే అంటూ కూర్చుంది. ఇంత లాగ్ ఎందుకు పేరుకుపోయింది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ క్లస్టర్‌లో ఎప్పుడో రోజుకోసారి రెండు వరుసలు పడే బుల్లి టేబుళ్లు ఉంటాయి, సెట్టింగ్స్ లాంటివి. అన్ని టేబుళ్ల రాతలూ ఒకే లాగ్‌లోకి కలిసి వెళ్తాయి. ఒక 32 ఎంబీ ఫైల్‌లో మిగతా అన్ని టేబుళ్లవీ ఫ్లష్ అయిపోయినా, ఆ బుల్లి టేబుల్‌ది ఒక్క వరుస ర్యామ్‌లోనే ఉంటే చాలు, ఆ ఫైల్‌ను తీసేయడానికి లేదు. అలా ఒక్కొక్కటే ఆగిపోయి గుట్ట పెరుగుతుంది. లాగ్ మొత్తం హద్దు దాటాక మాత్రం, అన్నిటికన్నా పాత ఫైల్‌ను పట్టి ఉంచిన టేబుళ్లను కసాండ్రా బలవంతంగా ఫ్లష్ చేస్తుంది. ఆ హద్దు డీఫాల్ట్‌గా 8 జీబీ, లేదా ఆ డిస్క్‌లో నాలుగో వంతు, ఏది తక్కువైతే అది. మీకు దాదాపు ఆ హద్దు దాకా పేరుకుని ఉంటుంది.

ఈసారి నుంచి ఆపేముందు నోడ్‌టూల్ డ్రెయిన్ ఇవ్వండి. కొత్త రాతలు తీసుకోవడం మానేసి, ఉన్నవన్నీ డిస్క్‌కు దించేస్తుంది. లేచాక రీప్లే చేయడానికి ఏమీ మిగలదు. డ్రెయిన్ ఇచ్చాక ఆ నోడ్‌ను రీస్టార్ట్ చేయాల్సిందే, అలాగే వదిలేస్తే పనిచేయదు. వెర్షన్ మార్చేటప్పుడైతే డ్రెయిన్ లేకుండా ముట్టుకోకండి.

ప్రశ్న: సగం డేటా డిలీట్ చేసి ఫ్లష్ కొట్టాను. డిస్క్ తగ్గకపోగా కొంచెం పెరిగింది!
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెరుగుతుంది. ఎస్ఎస్‌టేబుల్‌ను దిద్దరు అన్నాను కదా, అందుకని 'ఇది చెరిపేశారు' అన్న గుర్తు ఒకటి కొత్తగా రాస్తారు. దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు. మీరు ఫ్లష్ చేసింది ఆ గుర్తుల్నే. డీఫాల్ట్‌గా 8,64,000 సెకన్లు, అంటే పది రోజులు దాటాక జరిగే కంపాక్షన్‌లో ఆ గుర్తులు పోతాయి. జాగా పూర్తిగా ఖాళీ అవడానికి అంతవరకూ ఆగాలి. డిస్క్ మీద తొందరకొద్దీ ఆ పది రోజుల్ని గంటకు కుదించకండి. డిలీట్ చేసినప్పుడు పడిపోయి ఉన్న నోడ్ ఏదైనా రిపేర్ కాకుండా (అంటే మిగతా నోడ్లతో కాపీలు సరిచూసుకోకుండా) ఆ గడువు దాటిందంటే, దాని దగ్గరున్న పాత వరుసలు మళ్లీ క్లస్టరంతా తిరిగొస్తాయి.